దూరప్రయాణమునకు మారకద్రవ్యము: కొనుగోలు, రక్షణ



మన తెలుగున “షరాబు” అను మాట కలదు. నాణెముల మేలిమిని పరీక్షించి, ఒక నాణెమునకు మారుగా మరియొక నాణెమునిచ్చు వర్తకుడని దాని అర్థము. ఉర్దూ తరగతిలోని మిత్రులు అతనినే “సర్రాఫ్” అందురు. రెండు మాటలకును మూలము అరబ్బీ పదమే. దేశాంతరము పోవువానికి షరాబుతో పని ఎంత పాతదో ఈ ఒక్క మాటయే చెప్పుచున్నది. నేడు షరాబు స్థానమున బ్యాంకు వచ్చినది, అనుమతి పొందిన ద్రవ్య మారక సంస్థ వచ్చినది. కాని ప్రయాణికుని ఎదుట నున్న ప్రశ్నలు మారలేదు. ద్రవ్యము ఎవరి వద్ద కొనవలెను? ఎంత కొనవలెను? ఎట్లు కొనిపోవలెను? మన ప్రాంతమునుండి ఏటేట సాగు హజ్ యాత్రను ఉదాహరణగా గైకొని ఈ ప్రశ్నలను పరిశీలింతము.

కొంత చరిత్ర

ఒకప్పుడు భారతదేశపు రూపాయి అరబ్బు తీరమున చాల దూరము చెల్లెడిది. కువైట్, బహ్రెయిన్, కతార్ మొదలగు సీమలలో నిత్యవ్యాపారము రూపాయలలోనే జరిగెడిది. బంగారపు దొంగరవాణా వలన రూపాయి నోట్లు అక్కడకు విపరీతముగా చేరి, వాటికి బదులు మన ప్రభుత్వము విదేశీ ద్రవ్యము చెల్లించవలసి వచ్చినది. అందుచేత 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ సీమలకు ప్రత్యేకమైన నోట్లను వేరుగా ముద్రించినది. ఆ కాలముననే హజ్ యాత్రికుల కొరకు 10 రూపాయల, 100 రూపాయల నోట్లను గూడ వేరుగా విడుదల చేసినది. ఈ నోట్లు మన దేశమున చెల్లవు.

సౌదీ అరేబియాలో అప్పటికి వెండి రియాళ్ళు వాడుకలో నుండెను. యాత్రికులు ఆ బరువును మోయలేకపోవుట చూచి, అచ్చటి ద్రవ్య సంస్థ 1953లో “యాత్రికుల రసీదులు” అను కాగితములను ప్రవేశపెట్టినది. వాటిపై అరబ్బీతో పాటు ఉర్దూ మొదలైన భాషలలోను అక్షరములుండెను.

1961లో కువైట్, 1965లో బహ్రెయిన్ తమ దీనారులను తెచ్చుకొన్నవి. 1966 జూన్ 6వ తేదీన రూపాయి విలువ తగ్గి, డాలరుకు 4.76 రూపాయలుండినది 7.50 అయినది. మిగిలిన గల్ఫ్ సీమలును క్రమముగా రూపాయిని విడిచినవి. నాటినుండి మన ప్రయాణికుడు బయలుదేరుటకు ముందే పరదేశపు ద్రవ్యమును కొనక తప్పని స్థితి ఏర్పడినది.

నేటి నియమములు

1973 నాటి విదేశ మారకద్రవ్య నియంత్రణ చట్టము క్రింద ప్రతి డాలరుకును కఠినమైన లెక్క యుండెడిది. 1999లో చేయబడి 2000 జూన్ 1 నుండి అమలునకు వచ్చిన నిర్వహణ చట్టము ఆ కట్టుదిట్టములను సడలించినది. ఇప్పుడు ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరములో 2,50,000 డాలర్ల వరకు అనుమతింపబడిన పనులకు పంపవచ్చును, తీసికొని పోవచ్చును. అయితే చేతినోట్ల రూపమున ఒక్కొక్క ప్రయాణమునకు సాధారణముగా 3,000 డాలర్ల విలువ వరకే లభించును. మిగిలినది కార్డు రూపమున గాని, బ్యాంకు ద్వారా గాని కొనిపోవలెను. హజ్, ఉమ్రా యాత్రికులకు ఈ విషయమున వేరు సడలింపు కలదు.

కొనునపుడు 50,000 రూపాయలకు లోపున్న మొత్తమునకే నగదు ఇయ్యవచ్చును. అంతకు మించినచో చెక్కు, డ్రాఫ్టు వంటి బ్యాంకు మార్గమున చెల్లించవలెను. ప్రయాణము ఆగిపోయి, కొన్న ద్రవ్యము 60 దినములలో వినియోగింపబడనిచో తిరిగి ఇచ్చివేయవలెను. ప్రయాణము ముగించి వచ్చినవారు మిగిలిన దానిని 180 దినములలోగా మార్చుకొనవలెను. మరల ప్రయాణమునకై 2,000 డాలర్ల విలువ వరకు ఉంచుకొనవచ్చును. తిరిగి వచ్చునపుడు చేతిలోని విదేశీ నోట్లు 5,000 డాలర్ల విలువకు మించినచో విమానాశ్రయమున ప్రకటన పత్రము నింపి ఇయ్యవలెను. మన రూపాయలలో 25,000 వరకు వెంట నుంచుకొనవచ్చును. ఇల్లు చేరుటకు బండి కిరాయికి అవి పనికివచ్చును.

ధరను లెక్కించుట

1986 నుండి సౌదీ ప్రభుత్వము డాలరుకు 3.75 రియాళ్ళు అను ధరను స్థిరముగా నిలిపినది. కనుక డాలరు ధర తెలిసినచో రియాలు ధర మనమే కట్టుకొనవచ్చును. డాలరు 86 రూపాయల 25 పైసలు అనుకొందము. దానిని 3.75 చేత భాగించినచో రియాలు సరిగా 23 రూపాయలగును. అంగడివాడు 24 రూపాయలు చెప్పినచో రియాలునకు ఒక రూపాయి అతని లాభమని తెలియును. 2,000 రియాళ్ళు కొనువాడు 2,000 రూపాయలు అధికముగా ఇచ్చుచున్నాడన్నమాట. ఏ సంస్థయు కొంత లాభము లేక అమ్మదు. అందుచేత రెండు మూడు చోట్ల విచారించి కొనుట వివేకము. దీనికి తోడు మార్పిడిపై పన్ను కలదు. 50,000 రూపాయల మార్పిడికి అది 90 రూపాయలు. ఇంతకంటె ఎక్కువ పన్ను చెప్పినచో లెక్క అడుగవలెను.

కార్డు వాడువారికి ఒక హెచ్చరిక. పరదేశమున కార్డు గీచునపుడు “రూపాయలలోనా, రియాళ్ళలోనా?” అని యంత్రము అడుగుట కలదు. రియాళ్ళనే ఎన్నుకొనవలెను. రూపాయలను ఎన్నుకొన్నచో మార్పిడి ధరను అచ్చటివారే నిర్ణయింతురు. అది సాధారణముగా మనకు నష్టకరము.

మేము చూచిన ఒక సంగతి

కొన్ని సంవత్సరముల క్రితము మా వీథిలోని వృద్ధ దంపతులు హజ్ యాత్రకు బయలుదేరిరి. జీవితమంతయు కూడబెట్టిన సొమ్ము వారిది. ఎవరో పరిచయస్థుడు బ్యాంకు కంటె రియాలుకు అర రూపాయి తక్కువకు ఇంటికే తెచ్చి యిచ్చెదనని నమ్మబలికెను. వారు 4,000 రియాళ్ళు కొనిరి. కలిసివచ్చినది 2,000 రూపాయలు. మక్కాలో మూడు 500 రియాళ్ళ నోట్లను అంగడివారు నకిలీవని త్రోసిపుచ్చిరి. పోయినది 1,500 రియాళ్ళు. అనగా సుమారు ముప్పది వేల రూపాయలు. మిగిలిన దినములు వారు ఒక పూట భోజనము తగ్గించుకొని గడిపిరి. తిరిగివచ్చి అడుగగా ఆ మనుష్యుడు తానసలు ఇయ్యనేలేదనెను. రసీదు లేదు. “బాబూ, మేము ఎవరికి ఏమి చూపగలము?” అని ఆ తల్లి మమ్ములనడిగిన మాటకు మా వద్ద సమాధానము లేకపోయినది. ఆ వీథిలో చదువుకొన్నవారమై యుండియు ముందుగా ఒక్కమాట చెప్పలేకపోతిమి.

రక్షణ

కావున రసీదే మొదటి రక్షణ. అనుమతి పత్రమును ప్రదర్శించిన సంస్థ వద్దనే కొని, నోట్లను అచ్చటనే లెక్కించి, చినిగినవి, గీతలు గీచినవి మార్పించుకొని, పాస్‌పోర్టు ప్రతితోపాటు రసీదును భద్రపరుపవలెను. రెండవ రక్షణ విభజన. ద్రవ్యమునంతయు ఒక్క సంచిలో నుంచరాదు. కొంత నడుముపట్టీలో, కొంత తోడి కుటుంబీకుని వద్ద, కొంత కార్డులో నుండవలెను. తనిఖీకి అప్పగించు పెట్టెలో ఎన్నడును ఉంచరాదు. మూడవది చిల్లర. దిగిన వెంటనే తినుటకు, త్రాగుటకు, బండికి 5, 10, 50 రియాళ్ళ నోట్లు కావలెను. సుమారు నలుబది దినముల యాత్రలో దినమునకు ఇంత అని నిర్ణయించుకొని, కొంత భాగమును చివరి వారమువరకు ముట్టకుండుట మంచిది.

మన కర్తవ్యము

మనము తరగతిలో నేర్చిన త్రైరాశికము పరీక్షలో మార్కుల కొరకే కాదు. యాత్రకు పోవు వృద్ధుడు, గల్ఫ్‌కు పోవు కూలివాడు, పై చదువులకు పోవు సోదరుడు అందరును ఒకనాడు షరాబు ఎదుట నిలువవలసినవారే. అనుమతి గల దుకాణమేదో, రియాలు ధర ఎంతో, రసీదు ఎందుకో చెప్పుటకు ఒక్క విద్యార్థి తోడుగా నిలిచినను ఒక కుటుంబపు కష్టార్జితము నిలుచును.

యాత్రాకాలమున కళాశాల వరండాలో ఒక బల్లయు, రెండు కుర్చీలును వేసి, ఉర్దూ, తెలుగు రెండు భాషలలోను ప్రయాణికులకు ఈ లెక్కలు చెప్పు ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల సంఘమువారిని వినయముతో కోరుచున్నాము. దానికి ఖర్చు లేదు. ఆ బల్ల వద్ద కూర్చుండుటకు మేము సిద్ధముగా నున్నాము.