ఆడమ్ ఆస్‌బోర్న్: పోర్టబుల్ కంప్యూటర్‌కు ఆద్యుడు

వాణిజ్యపరంగా విజయం సాధించిన తొలి పోర్టబుల్ కంప్యూటర్ 'ఆస్‌బోర్న్-1'ను మార్కెట్‌లోకి తెచ్చిన వ్యక్తి ఆడమ్ ఆస్‌బోర్న్.

జననం: 1939 మార్చి 6, బ్యాంకాక్. తండ్రి ఆర్థర్ ఆస్‌బోర్న్ రమణ మహర్షి భక్తుడు, రచయిత. దాంతో ఆడమ్ బాల్యం తమిళనాడులో గడిచింది.

చదువు: కెమికల్ ఇంజినీరింగ్. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ.

తొలి అడుగు: కంప్యూటర్ పుస్తకాల ప్రచురణ. ఆ సంస్థను 1979లో మెక్‌గ్రా-హిల్‌కు అమ్మారు.

ఆస్‌బోర్న్-1 (1981 ఏప్రిల్)
• రూపకర్త: లీ ఫెల్సెన్‌స్టీన్
• ధర: 1,795 డాలర్లు
• బరువు: సుమారు 11 కిలోలు
• ప్రాసెసర్: జైలాగ్ జెడ్80, మెమొరీ: 64 కేబీ
• తెర: 5 అంగుళాలు. వరుసకు 52 అక్షరాలే కనిపించేవి.
• వర్డ్‌స్టార్, సూపర్‌కాల్క్ సాఫ్ట్‌వేర్లు కంప్యూటర్‌తో పాటే ఇచ్చేవారు.
• మూత పెడితే సూట్‌కేసులా పట్టుకెళ్లొచ్చు. కానీ లోపల బ్యాటరీ లేదు, ప్లగ్ పెట్టాల్సిందే.

ఆస్‌బోర్న్ ఎఫెక్ట్: కొత్త మోడల్‌ను ముందే ప్రకటించడంతో పాత మోడల్ అమ్మకాలు పడిపోవడం. ఆడమ్ కంప్యూటర్ కంపెనీ పేరుమీదే ఈ మాట వచ్చింది. ఆ కంపెనీ 1983 సెప్టెంబరులో దివాలా తీసింది.

మరణం: 2003 మార్చి 18, కొడైకెనాల్.

మాదిరి ప్రశ్న: 'ఆస్‌బోర్న్ ఎఫెక్ట్' ఏ రంగానికి చెందినది?
1) వైద్యం 2) మార్కెటింగ్ 3) ఖగోళశాస్త్రం 4) వ్యవసాయం
జవాబు: 2