ఒకే గదిలో రెండు రౌటర్లు

ప్రశ్న: మా బడి కంప్యూటరు గదికి సిగ్నల్ చాలక రెండవ రౌటరు తగిలించితిమి. నాటినుండి కొన్ని కంప్యూటర్లకు ఇంటర్నెట్ అందుట లేదు. సర్వర్ సైతము ఒక్కొక్కనాడు కనబడదు. కారణమేమి?
— ఒక ఉపాధ్యాయుడు, ఉట్నూరు

జవాబు: మీ రెండు రౌటర్లును కంప్యూటర్లకు చిరునామాలు పంచుచున్నవని, అనగా రెంటిలోను డీహెచ్‌సీపీ మెలకువగా నున్నదని, మీరు చెప్పిన లక్షణములను బట్టి తోచుచున్నది. క్రొత్తదానినుండి చిరునామా పొందిన యంత్రము దానినే బయటిదారిగా నమ్మి, దానికి దారి లేకపోవుటచే నిలిచిపోవును. 192.168తో మొదలగు చిరునామా సంఖ్యలు 1996 నాటి నియమము ననుసరించి ఎవరి ప్రాంగణమున వారు వాడుకొనదగినవి కావున, కరీంనగరులోని యొక కార్యాలయమునందును మీ బడియందును ఒకే సంఖ్య ఉండవచ్చును గాని, ఒకే నెట్‌వర్క్‌లో రెండు యంత్రములకు ఉండరాదు.

క్రొత్త రౌటరులో డీహెచ్‌సీపీని ఆపి, దానికి 192.168.1.2 అని వేరు సంఖ్య నిచ్చి (పాతది 192.168.1.1 అయినచో), తీగను వాన్ రంధ్రమున గాక లాన్ రంధ్రమున పెట్టుడు. పాత రౌటరు పంపిణీని చివరి సంఖ్య 100 నుండి 199 వరకు గల చిరునామాలకు పరిమితము చేసి, సర్వర్‌కు 192.168.1.10 స్థిరముగా నిండు. దినమున కొక సంఖ్య మారు సర్వర్‌ను పిల్లలెట్లు వెదకుదురు? రౌటర్ల కొన్ననాటి పాస్‌వర్డులను నేడే మార్చుడు.

తొలకరి పిడుగుల మాట మరువకుడు. మిషన్ భగీరథ నీటిగొట్టముల కందకముల వెంట పరచిన టీ-ఫైబర్ ఇంటర్నెట్ గాజుపోగు విద్యుత్తును మోయదు గాని, రెండు భవనముల నడుమ మీరు రాగితీగ లాగియున్నచో అది మోయును. ఉరుము వినబడకమునుపే దానిని ఊడదీయుడు.