పింఛను కోసం పేరు వదులుకోవద్దు

ప్రశ్న: నాకు పోలియో. సదరం సర్టిఫికెట్‌లో 75 శాతం వైకల్యం అని ఉంది. నెలకు 6,000 రూపాయల పింఛను అందుతోంది. మావారు బట్టల కొట్లో గుమస్తా, జీతం 11,000. మా నాన్నగారి పొలం అమ్మితే నా వాటాకు 14 లక్షలు వచ్చాయి. మావారు కూడబెట్టిన 4 లక్షలు, బ్యాంకు అప్పు 3 లక్షలు కలిపి రాజమహేంద్రవరంలో ఒక పాత ఫ్లాటు కొందామనుకుంటున్నాం. 1,050 అడుగులు ఉంటుందని బ్రోకరు చెప్పాడు. "నీ పేరున ఇల్లుంటే పింఛను ఆపేస్తారు, మీ ఆయన పేరున రాయించండి" అని చుట్టాలు అంటున్నారు. అప్పు కాగితాల మీద మాత్రం నేనూ సంతకం పెట్టాలట. పైగా రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు నేను ఎక్కలేను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ చుట్టాలు మీ మంచి కోరే చెప్పి ఉంటారు. కానీ వాళ్ల మాట వింటే మీరు రెంటికీ చెడతారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పింఛనుకు అర్హత చూసేటప్పుడు ఇల్లు ఎవరి పేరున ఉందని కాదు, కుటుంబానికి ఏముందని చూస్తారు. భార్యాభర్తలిద్దరూ ఒకే కుటుంబం. ఇల్లు మీవారి పేరున రాయించినా ఆ లెక్కలోకి వస్తుంది. అంటే పేరు వదులుకున్నందువల్ల పింఛనుకు ఒరిగేదేమీ లేదు. మీ 14 లక్షల మీద హక్కు మాత్రం చేజారుతుంది.

మరి పింఛనుకు అడ్డొచ్చేవి ఏమిటి? పట్టణాల్లో కుటుంబానికి 1,000 చదరపు అడుగులకు మించిన కట్టడం ఉండకూడదు. కుటుంబ ఆదాయం నెలకు పట్టణంలో 12,000, పల్లెలో 10,000 దాటకూడదు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లలోపే ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ఆదాయపు పన్ను కట్టేవారు గానీ, సొంత కారు గానీ ఉండకూడదు. ఆటో, టాక్సీ, ట్రాక్టర్లకు మినహాయింపు ఉంది.

మీ విషయంలో కీలకం ఆ 1,050 అడుగులు. బ్రోకర్లు చెప్పే కొలతలో మెట్లు, లిఫ్టు, వరండాల వాటా కూడా కలిసి ఉంటుంది. కాబట్టి బయానా ఇవ్వకముందే అమ్మేవారిని ఇంటి పన్ను రశీదు, పాత దస్తావేజు అడిగి, మున్సిపల్ రికార్డులో కట్టడం విస్తీర్ణం ఎంతని రాసి ఉందో చూడండి. అక్కడ 1,000 దాటితే మరో ఫ్లాటు వెతుక్కోవడం మేలు. ఒక బాల్కనీ పాటి తేడాకు ఏడాదికి 72,000 రూపాయలు పోగొట్టుకోవడం ఎందుకు?

రెండో జాగ్రత్త ఆదాయం గురించి. అప్పు త్వరగా వస్తుందని బ్యాంకులో జీతం ఎక్కువ చేసి చూపించవద్దు. ఆ కాగితమే రేపు పింఛనుకు ఎదురు తిరుగుతుంది. బ్యాంకు కోసం ఆదాయపు పన్ను రిటర్ను వేయాల్సి వస్తే భయపడకండి. రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. పన్ను సున్నా అని చూపే కాగితం దాచుకోండి. మీ నాన్నగారి పొలం పట్టణ పరిధిలోది అయితే, అమ్మకం మీద పన్ను పడుతుందేమో ముందే ఆడిటరును అడగండి.

ఇక అసలు సంగతి. అప్పుకు సంతకం పెట్టినంత మాత్రాన ఇంట్లో వాటా రాదు. అప్పు పత్రంలో మీ పేరు ఉండి దస్తావేజులో లేకపోతే, వాయిదాలు తప్పినప్పుడు బ్యాంకు మిమ్మల్నీ అడుగుతుంది, ఇల్లు మాత్రం మీది కాదు. మీ సొమ్ముతో భర్త పేరున కొన్న ఇంటికి ఆ సొమ్ము మీదేనని రేపు కోర్టులో రుజువు చేయాల్సిన భారమూ మీ మీదే పడుతుంది.

అందుకే ఇద్దరి పేర్లా రాయించండి. ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం, ఉమ్మడిగా కొన్నవారు వేరే ఒప్పందం చేసుకోకపోతే ఎవరు పెట్టిన సొమ్మును బట్టి వారికి వాటా వస్తుంది. ఎవరెంత పెట్టారో రుజువు లేకపోతే సమాన వాటాలుగా భావిస్తారు. అంచేత మీ 14 లక్షలు మీ ఖాతా నుంచే అమ్మేవారికి వెళ్లాలి. ఆ వివరంతో పాటు మీకు మూడింట రెండు వంతులు, మీవారికి ఒక వంతు అని దస్తావేజులోనే రాయించండి.

తేడా ఎంతో చూడండి. ఇల్లు ఒక్క మీవారి పేరునే ఉండి, వీలునామా లేకుండా ఆయనకు ఏదైనా అయితే, హిందూ వారసత్వ చట్టం కింద మీకూ, పిల్లలకూ, అత్తగారికీ సమాన వాటాలు. పిల్లలిద్దరైతే మీకు దక్కేది పావు వంతు. పైన చెప్పినట్టు రాయించుకుంటే మీ వాటా ఎటూ మీదే. ఆయన వాటాలో పావు కలిపితే మొత్తం ముప్పావు ఇల్లు అవుతుంది. ఇద్దరూ వీలునామాలు కూడా రాసుకుంటే ఇంకా మంచిది.

మెట్ల గురించి బెంగ వద్దు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 38వ సెక్షన్ ప్రకారం, శారీరక వైకల్యం వల్ల ఆఫీసుకు రావడం ప్రమాదమో, మరీ ఇబ్బందో అయినవారి ఇంటికి అధికారే రావచ్చు, లేదా కమిషన్ పంపవచ్చు. సదరం నకలు జతచేసి ముందుగా అర్జీ పెట్టండి, రుసుము కట్టి రశీదు తీసుకోండి. మెట్లెక్కలేనన్న ఒక్క కారణంతో ఎవరికీ జీపీఏ (మీ తరఫున సంతకాలు చేసే అధికార పత్రం) రాసివ్వకండి. ఆస్తి కొనే హక్కు, అప్పు పొందే హక్కు వికలాంగులకు అందరితో సమానంగా ఉన్నాయని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. మీకు సాయం చేసేవారికి ఆ లావాదేవీలో సొంత లాభం అడ్డొస్తే, వారు అందులోంచి తప్పుకోవాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది.

తెలంగాణ పాఠకులకు ఒక మాట. అక్కడి ఆసరా పింఛను నిబంధనల్లో ఇంటికి అడుగుల లెక్క పెట్టలేదు. అయితే భూమి, వాహనాలతో పాటు ఆస్తిపాస్తులను, జీవన తీరును బట్టి కూడా విచారణాధికారి అనర్హులని తేల్చవచ్చు. సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో చూపే కాగితాలు భద్రంగా ఉంచుకోండి.

పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నవారు మరింత జాగ్రత్తపడాలి. భార్యాభర్తలకు బేనామీ చట్టంలో ఉన్న మినహాయింపు వారికి లేదు, ఒకరికొకరు వారసులూ కారు. ఎవరి సొమ్ము వారి ఖాతా నుంచి చెల్లించి, వాటాలు రాయించుకుని, వీలునామా రాసుకోవాలి. గృహహింస చట్టం స్త్రీకి ఆ ఇంట్లో ఉండే హక్కు ఇవ్వగలదు గానీ, యాజమాన్యం ఇవ్వదు.

ఒకవేళ పింఛను ఆగితే కారణం రాతపూర్వకంగా అడగండి. వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వండి, తేలకపోతే మున్సిపల్ కమిషనర్‌ను కలవండి. మహిళలకూ, వికలాంగులకూ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.

చివరగా, దస్తావేజులో ఎవరి పేరు ముందు, ఎవరిది వెనుక అన్నది చట్టానికి పట్టదు. అయినా 21 లక్షల్లో 14 మీవి. మొదటి పేరు మీదే రాయించండి.