ముసలి లేతుకు వైద్యం

యంత్రాలను చేసే యంత్రము లేతు. ఇంగ్లండులో హెన్రీ మాడ్స్‌లే 1800 ప్రాంతాన లీడ్ స్క్రూతో టూలును నడిపే లోహపు లేతును ఆచరణలో నిలబెట్టాక, ఒకే కొలతలో మరలు కోయడం కర్మాగారాలకు అలవాటైంది. మన విశాఖలో 1933లో రేవు తెరవడానికి గాని, 1948లో ‘జల ఉష’ నౌక నీళ్ళలో దిగడానికి గాని ఈ మిషను లేకుండా జరిగేది కాదు. ఇప్పుడు కంప్యూటరు చెప్పినట్లు తిరిగే సి.ఎన్.సి. లేతులు వచ్చాయి గనుక, పాతవాటిని కిలోల లెక్కన తుక్కు కొట్టుకు తోలడం మామూలైపోయింది.

మా వర్క్‌షాపులో ఒక లేతు అలాగే కండెమ్ జాబితాకు ఎక్కింది. అంగుళాల కొలతది, బెల్టుతో నడిచేది. “షాఫ్టు చక్కు పక్క లావు, ఇవతల సన్నం వస్తోంది సార్, ఇక దీనితో లాభం లేదు” అన్నారు టర్నరు గారు. మాట నిజమే. కాని రోగమేమిటో తెలియకుండా శ్మశానానికి పంపుతామా? విద్యార్థులు నలుగురు తోడురాగా పనిలో దిగాను.

మన సముద్రపు ఉప్పు గాలికి తుప్పు పట్టనిదేది? దాన్ని చూసి జంకనక్కరలేదు. కిరసనాయిలు పోసి నానబెట్టి, ఇత్తడి బిళ్ళతో గోకితే చాలా భాగం పోతుంది. ఎమెరీ కాగితం మాత్రం బెడ్డు మీద వద్దు. ఆ రజను కారేజి కింద చేరి మిగిలిన నునుపును కూడా తినేస్తుంది. రంగు వేయడం ఆఖరి పని. మనవాళ్ళు దానితోనే మొదలుపెడతారు!

కొలవడం మొదటి పని. మీటరుకు 0.02 మి.మీ. వాలు చూపే లెవెలును బెడ్డుకు అడ్డంగా రెండు చివరలా పెట్టి చూస్తే, బెడ్డు మెలిపడి ఉంది. ఒక కాలి కింద ప్యాకింగు కుంగింది. అది సరిచేయగానే టేపరు సగానికి తగ్గింది.

మిగిలిన సగం అరుగుదల వల్ల. పనులు ఎక్కువగా చక్కు దగ్గరే జరుగుతాయి, రజను అక్కడే రాలుతుంది. బెడ్డు అక్కడే అరుగుతుంది. ఇక్కడ చిన్న లెక్క చూద్దాం. 40 మి.మీ. షాఫ్టు కోస్తుండగా టూలు తిన్నగా 0.1 మి.మీ. కిందికి దిగితే వ్యాసంలో తేడా 0.0005 మి.మీ. మాత్రమే, అనగా లెక్కలోకి రాదు. కాని అరిగేది ముందు పట్టా ఎక్కువ, వెనుక పట్టా తక్కువ. పట్టాల మధ్య దూరం 300, సెంటరు ఎత్తు 150 మి.మీ. అనుకోండి. ముందు పట్టా ఒక్కటే 0.1 కుంగితే కారేజి మన వైపు ఒరుగుతుంది, టూలు 0.05 వెనక్కి వస్తుంది. వ్యాసం 0.1 మి.మీ. పెరుగుతుంది. కిందికి దిగడం కంటే పక్కకు ఒరగడం 200 రెట్లు చేటు!

బెడ్డును గ్రైండింగుకు పంపుదామన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. బెడ్డు నుంచి ఎంత లోహం తీస్తే కారేజి అంత కిందికి దిగుతుంది. హాఫ్ నట్టుకు, లీడ్ స్క్రూకు వరస తప్పుతుంది. మళ్ళీ కారేజి కింద పట్టీలు అతికించి ఎత్తాలి. మా అవసరానికి అంత ఖర్చు దండగ. చక్కు నుంచి ఎంత దూరంలో ఎంత తేడా వస్తుందో విద్యార్థుల చేతనే కొలిపించి, చార్టు గీయించి గోడకు తగిలించాం. అరిగిన హాఫ్ నట్టు, క్రాస్ స్లైడు నట్టు మాత్రం గన్‌మెటలుతో కొత్తవి చేయించాం.

అంగుళాల మిషను మెట్రిక్ మరలకు పనికిరాదనే వాదన ఇంకొకటి. మన దేశంలో మెట్రిక్ చట్టం వచ్చింది 1956లో. అంతకు ముందువి చాలావరకు అంగుళాలవే. దీనికి మందు 127 పళ్ళ గేరు. అంగుళం 25.4 మి.మీ.; దాన్ని 5తో హెచ్చిస్తే 127. మా లీడ్ స్క్రూకు అంగుళానికి 4 మరలు, అంటే పిచ్ 6.35 మి.మీ. 2 మి.మీ. పిచ్ కావాలంటే స్పిండిలు వైపు 40 పళ్ళు, స్క్రూ వైపు 127 పెడితే చాలు. పిసరంత కూడా తేడా రాదు. ఒక్క జాగ్రత్త: మర పూర్తయ్యేదాకా హాఫ్ నట్టును విప్పరాదు. విప్పితే మళ్ళీ అదే గాడిలో పడదు. టూలును వెనక్కి లాగి, మిషనును తిరగేసి నడిపి మొదటికి తేవాలి.

కండెమ్ జాబితా నుంచి దాని నెంబరు కొట్టేశారు. టెయిల్‌స్టాకు పని ఇంకా మిగిలి ఉంది. అది రెండవ సంవత్సరం వాళ్ళకు అప్పజెప్పాం.