తెరమీది అక్షరములు

పాత చలనచిత్రముల పాటలయందు మక్కువగల రసికులు చిత్రారంభమున తెరపై వెలసి మాయమగు పేర్లను కన్నార్పక చదువుదురు. తమకు ప్రియుడైన సంగీత దర్శకుని పేరు తొలుత ఎచ్చట కనిపించినదో తేల్చుకొనవలెనని వారి పట్టుదల. నాటి పాటల పుస్తకములును, గ్రామఫోను రికార్డులపై అంటించిన చీటీలును వారికి సాక్ష్యములే.

ఎం. ఎస్. విశ్వనాథన్ విషయమున ఈ వెదకులాట 1952లో వెలువడిన ‘పణం’ అను తమిళ చిత్రమునకు చేరును. అందు ఆయన పేరు వయొలిన్ విద్వాంసుడైన టి. కె. రామమూర్తి పేరుతో జంటగా నిలిచెను. కాని అసలు చిక్కు వేరొకచోట నున్నది. ఆ యేటనే, వారిరువురు ఎవరికడ సహాయకులుగా పనిచేయుచుండిరో ఆ సి. ఆర్. సుబ్బరామన్ పిన్నవయసుననే మరణించెను. ఆయన చేపట్టిన ‘దేవదాసు’ సంగీతము సగములో నిలిచిపోయెను. దానిని పూర్తిచేసినవారు ఈ శిష్యులే. 1953లో చిత్రము విడుదలైనప్పుడు సంగీత దర్శకుడుగా సుబ్బరామన్ పేరే ప్రఖ్యాతి గాంచెను, అది న్యాయమే. అయినను ఘంటసాల పాడిన ‘జగమే మాయ’కు వరుస కట్టినది శిష్యులే యని చెప్పుదురు. ఎవరెంత కట్టిరో తెరమీది అక్షరములు చెప్పజాలవు కదా! ఏ పాట గురువుదో, ఏది శిష్యులదో యని రసికులు నేటికిని వాదించుకొనుచునే యున్నారు.