కోసే ముందు చూడాలి: కరెంటు రంపంతో జాగ్రత్తలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు వీధి వీధినా చెట్లు కూలాయి. కరెంటు లేదు. యువకులు చేతి రంపాలు, గొడ్డళ్లతోనే దారులు తెరిచారు. మా దగ్గర చదివిన ఒక కుర్రాడు వాలిన కొమ్మను పైనుంచి కోస్తుంటే అది సగంలో చీలి, ఎగిరి దవడకు తగిలింది. రెండు పళ్లు పోయాయి. చేతి రంపంతోనే అంత జరిగితే కరెంటు రంపంతో ఏమవుతుంది? సేవకు వచ్చే మన యువకుల చేతుల్లో ఇప్పుడు రెసిప్రొకేటింగ్ రంపాలు కనిపిస్తున్నాయి. అందుకే ఈ పాఠం.

యంత్రం

ఈ రంపం బ్లేడు తిరగదు. నిమిషానికి సుమారు మూడు వేల సార్ల వరకు ముందుకూ వెనక్కూ ఆడుతుంది. బ్లేడుకు మూత ఉండదు కాబట్టి దాని దారిలో వేలు ఉండకూడదు. కోసే వస్తువు కింద చెయ్యి పెట్టి పట్టుకోకూడదు. బ్లేడు మార్చేటప్పుడు ముందుగా ప్లగ్గు గానీ బ్యాటరీ గానీ తీసేయాలి.

బ్లేడు

అంగుళానికి ఎన్ని పళ్లున్నాయో చూసి బ్లేడు ఎంచుకోవాలి. కొయ్యకు 6 నుంచి 10 పళ్లు, లోహానికి 14 నుంచి 24 పళ్లు సరిపోతాయి. పాత తలుపులు, దూలాల్లో మేకులుంటాయి. వాటికి మేకులున్న కొయ్య కోసమే చేసిన బైమెటల్ బ్లేడు వాడాలి. బ్లేడు ఎప్పుడూ వస్తువుకు అవతల కొంత బయటికి ఉండాలి. కొన లోపలే గుద్దుకుంటే యంత్రం చేతుల్లో వెనక్కి తంతుంది.

రెండు చేతులతో గట్టిగా పట్టి, ముందున్న ఇనుప షూను వస్తువుకు ఆనించాకే మీట నొక్కాలి. షూ ఆనకపోతే బ్లేడు కోయదు, వస్తువును ఊపేస్తుంది. మీట వదిలాక బ్లేడు పూర్తిగా ఆగేదాకా కింద పెట్టకూడదు.

కొయ్య

వేలాడే కొమ్మకు పైభాగం సాగి, కింది భాగం నొక్కుకుని ఉంటుంది. ముందు కిందినుంచి కొద్ది లోతు కోసి, తరువాత పైనుంచి కోయాలి. అప్పుడు చీలదు. కిందినుంచి లోతుగా పోతే బ్లేడు ఇరుక్కుంటుంది. రెండు వైపులా నొక్కుకుని విల్లులా వంగిన కొమ్మ జోలికి పోవద్దు. అది అగ్నిమాపక సిబ్బంది పని. చెట్టులో కరెంటు తీగ ఉంటే, సరఫరా ఆపామని విద్యుత్ సిబ్బంది చెప్పేదాకా దగ్గరికే వెళ్లకూడదు.

లోహం

లోహపు మందంపై కనీసం మూడు పళ్లు ఆనాలి. లేకపోతే పళ్లు విరుగుతాయి. గొట్టాన్ని వైస్‌లో బిగించి, వేగం తగ్గించి, కోతపై నూనె చుక్కలు వేయాలి. పలుచని రేకును రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య బిగిస్తే ఊగదు. కోసిన అంచు, బ్లేడు రెండూ కాలుతుంటాయి, వెంటనే ముట్టుకోకూడదు.

ఓడరేవు ఊరిలో పాత పీపాలకు కొదవలేదు. నూనె, రంగు, పెట్రోలు పోసిన పీపా ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి మిగులుతుంది. కోత వేడికో నిప్పురవ్వకో అది పేలవచ్చు. అలాంటి పీపాను ఎవరు అడిగినా కోయవద్దు. గోడలో కోసేటప్పుడు లోపల తీగ, నీటి గొట్టం, గ్యాసు గొట్టం ఉన్నాయేమో ముందే తెలుసుకోవాలి.

కళ్లద్దాలు, చెవులకు రక్షణ, బిగుతైన దుస్తులు, గట్టి బూట్లు తప్పనిసరి. తడి నేలపై తీగతో నడిచే యంత్రం వాడకూడదు.

మా పిల్లలకు ఒక నియమం పెట్టాము. మీట నొక్కేముందు నాలుగు ప్రశ్నలకు పైకి సమాధానం చెప్పాలి. దీని వెనక ఏముంది? తెగిన ముక్క ఎటు పడుతుంది? నా రెండో చెయ్యి ఎక్కడుంది? పక్కన ఎవరున్నారు? పళ్లు పోగొట్టుకున్న ఆ కుర్రాడే ఇప్పుడు కొత్తవాళ్లను నిలబెట్టి ఈ ప్రశ్నలు అడుగుతున్నాడు. జవాబు తడబడితే రంపం ఇవ్వడు.