అగ్గిపెట్టెల కర్మాగారములు – భాస్వర విషము

కర్మాగారములలోని రసాయనముల వలన కలుగు వ్యాధులనగానే సీసము, పాదరసము ముందుగా తలపునకు వచ్చును. మేము మాత్రము ప్రతి వంటింటను ఉండు అగ్గిపెట్టెను ఎన్నుకొంటిమి.

1830 తరువాత ఐరోపాలో తెల్ల భాస్వరముతో అగ్గిపుల్లలు చేయసాగిరి. ఏ గరుకు తలము మీద గీచినను అవి మండును, ధరయు తక్కువ. పుల్లల కొనలను భాస్వరపు ముద్దలో ముంచుట, ఆరబెట్టుట, పెట్టెలలో సర్దుట మొదలగు పనులు చేయువారిలో స్త్రీలు, పిల్లలు ఎక్కువ. ఆ ఆవిరిని ఏండ్ల తరబడి పీల్చిన వారికి మొదట పంటి నొప్పి, పిదప దవడ వాపు, చీము, భరింపరాని దుర్గంధము; కడకు దవడ ఎముకయే చచ్చిపోవును. దానిని కోసి తీసివేయుట తప్ప వేరు చికిత్స లేకుండెను. పుచ్చిన పళ్ళు గలవారికి ముప్పు మరింత హెచ్చు. వియన్నాలో లోరిన్సర్ అను వైద్యుడు 1845లోనే ఈ వ్యాధిని వర్ణించి ప్రకటించెను. (ఎముకల క్షీణతకు వాడు బిస్ఫాస్ఫొనేటు మందుల వలన కొందరికి ఇట్టి దవడ జబ్బే కలుగుచున్నదని 2003లో వైద్యులు గుర్తించిరి. అవియు భాస్వర సమ్మేళనములే. దంతవైద్యము చదువగోరు మిత్రులు గమనింతురు గాక.)

కారణము తెలిసినది. అంతటి విషము గాని ఎర్ర భాస్వరమును ఆ దశకములోనే కనుగొనిరి. అయినను తెల్ల భాస్వరము పోలేదు, అది చౌక. ఫిన్లండు 1872లో, డెన్మార్కు 1874లో దానిని నిషేధింపగా, ఇంగ్లండు చట్టము చేయుటకు 1908 వరకు ఆగెను. ఈ జాప్యము అజ్ఞానము వలన కలిగినది కాదని మా అభిప్రాయము.

1888 జూలైలో లండనులోని బ్రయంట్ అండ్ మే కర్మాగారమున సుమారు 1,400 మంది స్త్రీలు, బాలికలు సమ్మె చేసిరి. అంతకు ముందటి నెలలో వారి దుస్థితిని పత్రికలో వెల్లడించినది అనీ బిసెంటు. మన మదనపల్లెలో 1915లో కళాశాల వెలయుటకు కారకురాలైనదియు ఆమెయే. జరిమానాలు రద్దు చేయవలెననుటతో బాటు, భోజనమునకు వేరొక గది కావలెనని ఆ స్త్రీలు కోరిరి. పనిచేయు చోటనే రొట్టె తినుటచే భాస్వరము దానికంటి కడుపులోనికి పోవుచుండెను. గది లభించెను. తెల్ల భాస్వరము మాత్రము 1901 వరకు అచ్చటనే ఉండెను. ఈ నడుమ, 1898లో, వ్యాధిగ్రస్తుల వివరములను ప్రభుత్వమునకు తెలుపనందుకు ఆ సంస్థకు జరిమానా పడెను.

1906లో బెర్న్ నగరమున కొన్ని దేశములు నిషేధపు ఒడంబడిక చేసికొనెను. మన దేశములో తెల్ల భాస్వరపు అగ్గిపుల్లలను నిషేధించు చట్టము 1913లో వచ్చెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, అధికారులకు తప్పక తెలుపవలసిన వ్యాధుల పట్టికలో సీసము, పాదరసముల సరసన భాస్వర విషమును కూడ చేర్చెను.